మొగలిపూల పాట, రాని పడవ

ఆ గురువారం ఉదయం, సముద్రం అవతల దీవుల్లోని జంగ్లీఘాట్‌లో, అసిరయ్య ఇంట్లో ఉన్నవాళ్ళు నలుగురు. పొయ్యి దగ్గర అట్లు పోస్తున్న అతని భార్య నూకరత్నం. మంచం మీద కూర్చుని, రెండో అట్టు ఇంకా రాలేదని గోడకి ఫిర్యాదు చేస్తున్న అతని తల్లి గవరమ్మ. గంటసేపటి నుంచి అద్దం ముందు నిలబడ్డ పద్మిని. ఈమె నూకరత్నం అక్క కూతురు, అదే దీవిలోని బతు బస్తీ నుంచి పది రోజులుండి వెళ్దామని వచ్చింది, ఇది పదిహేడో రోజు. అద్దం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఆమె వెనకాల నిలబడ్డ చిట్టితల్లి, ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురు, వయసు పదహారు. ఇంటి యజమాని అసిరయ్య పక్కింటి పెద్దబ్బాయితో కలిసి ముందురోజు సాయంత్రమే పడవలో వేటకి వెళ్ళాడు. మూడు రోజులకి సరిపడా ఐసు వేసుకెళ్ళారు కాబట్టి శనివారం దాకా ఆ పడవ కోసం ఎవరూ చూడక్కర్లేదు.

తొమ్మిదింటికి లోకనాథం గారు వస్తానన్నారు. ఆయన హార్బర్ ఆఫీసులో పనిచేసి రిటైరై, ఇప్పుడు తెలుగు సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. ఆదివారం సాయంత్రం మిడిల్ పాయింట్‌లోని సంఘం హాలులో పాత పాటల సభ ఉంది. పాడేవాళ్ళు చాలామంది దొరికారు. వినేవాళ్ళ తరఫున ఒక్కరు వేదికెక్కి, తమ మీద ఏ గాయకుల ప్రభావం ఉందో, ఏ పాటలెందుకు ఇష్టమో ఐదు నిమిషాలు చెప్పాలి. స్కూల్లో తెలుగు చెప్పే కళ మేడం చిట్టితల్లి పేరు చెప్పారు. లోకనాథం గారు ఫోన్ చేశారు. ఫోన్ పద్మిని ఎత్తింది. పన్నెండు నిమిషాల తర్వాత ఆయన, "ఇద్దరమ్మాయిలనీ చూసి ఒకరిని ఎంచుకుంటానమ్మా" అన్నారు.

ఆ పన్నెండు నిమిషాలూ చిట్టితల్లి గుమ్మంలో నిలబడి విన్నది. పద్మిని మాట్లాడినవన్నీ చిట్టితల్లి అభిప్రాయాలే. గాయని కుముదవల్లి పేరు పదిహేడు రోజుల క్రితం పద్మిని విననైనా వినలేదు. ఇప్పుడు, "అంకుల్, కుముదవల్లి గారు తో మేరీ ఫేవరెట్ హైఁ, చిన్నప్పట్నించీ" అంటోంది. ఆమె చిన్నతనం రెండు వారాల కిందట మొదలైందన్నమాట.

చిట్టితల్లి పదకొండో ఏట దాకా శ్రీకాకుళం వైపు సముద్రపుటూళ్ళో, పంచాయతీ బడిలో చదివింది. తర్వాత తండ్రి దగ్గరికి ఇక్కడికి వచ్చింది. అందుకే ఆమెకి తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చు. పద్మిని ఈ దీవుల్లోనే పుట్టింది. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది, కానీ చదవలేదు. పాట నేర్చుకోవాలంటే హిందీ అక్షరాల్లో రాసుకుంటుంది. మాట్లాడటంలో మాత్రం ఇద్దరికీ పోలిక లేదు. చిట్టితల్లి మాట ఎప్పుడూ నోటి దాకా వచ్చి, బయట ఎవరున్నారో చూసి, వెనక్కి వెళ్ళిపోతుంది. అలా వెనక్కి వెళ్ళినవన్నీ డైరీలోకి చేరతాయి. మూడు డైరీలు నిండాయి. వాటిలో కుముదవల్లికి మొదటి స్థానం, పరాంకుశానికి రెండో స్థానం, వాళ్ళిద్దరికీ బాణీలు కట్టిన సోమనాథ్‌కి మూడో స్థానం. ఎవరు ఏ పాటలో ఎక్కడ తడబడ్డారో, ఆ తడబాటు ఎందుకు బాగుందో కూడా రాసి ఉంటుంది. రోజూ సాయంత్రం అన్నం తిన్నాక, ఆనాటి పేజీని మంచం మీద కళ్ళు మూసుకున్న గవరమ్మకి చదివి వినిపిస్తుంది. నిద్రపోయేవాళ్ళ ముందు చదవడానికి ఆమెకి సిగ్గుండదు.

ఈ ఐదు నిమిషాలు దొరక్కపోతే మళ్ళీ ఎవరూ తనని పిలవరని చిట్టితల్లికి తెలుసు. పద్మిని ఎదురుగా ఉంటే తన నోరు పెగలదనీ తెలుసు. కాబట్టి తొమ్మిదింటికి పద్మిని ఇంట్లో ఉండకూడదు. దానికి ఒక్కటే దారి కనిపించింది.

జంగ్లీఘాట్ రేవుకి నలభై పడవల దాకా వస్తాయి. కొండవాలు మీదున్న ఇళ్ళలోంచి చూస్తే ఏ పడవ ఎవరిదో తెలియదు. అందుకని ప్రతి పడవా మలుపు తిరిగి లోపలికి వచ్చేటప్పుడు స్పీకర్లో తన పాట వేస్తుంది. ఏ పడవ పాట దానిదే, ఇంకొకరు వేయకూడదు. పాట వినగానే ఆ ఇంటి ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి, గంపలు తీసుకుని రేవుకి దిగుతారు. అసిరయ్య స్పీకరు కొన్నరోజు కూతురితో, "ఏదో ఒక పాట ఎట్టీయే" అన్నాడు. ఆమె కుముదవల్లి పాడిన మొగలిపూల పాట పెట్టింది. అప్పటినుంచీ కొండ మీది ఇళ్ళన్నీ మూడు రోజులకోసారి ఆ పాట వింటున్నాయి. దాన్ని ఎంచుకున్నది ఎవరో మాత్రం ఎవరూ అడగలేదు. పద్మిని వచ్చిన మూడోరోజే రేవులో అందరికీ, "యే హమారా గానా హై, మా పాట" అని చెప్పేసింది.

పడవ వచ్చిందంటే చాలు, పద్మిని ఫోన్ పట్టుకుని రేవుకి పరిగెడుతుంది. చేపలు దించడం వీడియో తీసి పెడితే ఆమెకి చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పంపుతారు. శనివారం అంటే ఏమిటో, మూడు రోజుల ఐసు అంటే ఏమిటో ఆమెకి తెలియదు. చిట్టితల్లి కడుపునొప్పని చెప్పి బడి మానేసింది. ఎనిమిదిన్నరకి అమ్మ బజారుకి వెళ్తుంది. అట్లు తిన్నాక నానమ్మ కునుకు తీస్తుంది. అప్పుడు ఇంటి వెనక నీళ్ళ ట్యాంకు గోడ మీద స్పీకరు పెట్టి, మొగలిపూల పాట చిన్నగా, ఒక్క పద్మినికి మాత్రం వినపడేలా వేయాలి. ఆమె రేవుకి వెళ్ళి, వెతికి, తిరిగి కొండెక్కేసరికి అరగంట పడుతుంది. ఐదు నిమిషాల మాటలకి అరగంట చాలు.

పథకంలో మొదటి లోపం గవరమ్మ మూడో అట్టు అడగడం. ఎనిమిదీ యాభై అయినా నూకరత్నం పొయ్యి దగ్గరే ఉంది. రెండో లోపం స్పీకరు. ఇంట్లో ఉన్నది పద్మిని తెచ్చుకున్న ఎర్ర స్పీకరు ఒక్కటే. చూడటానికి కొబ్బరికాయంత ఉంటుంది, కానీ దానికి కూడా యజమానురాలిలాగే చిన్నగా మాట్లాడటం రాదు.

చిట్టితల్లి వెనక్కి వెళ్ళి ఫోన్ నొక్కింది.

మొగలిపూల పాట కొండంతా మోగింది. కాకులు లేచాయి. కింద రేవులో రెండు కుక్కలు లేచి, అసిరయ్య పడవ ఆగే చోటికి వెళ్ళి కూర్చున్నాయి.

"వావ్, బాబాయి ఆగయే!" అని పద్మిని అద్దం వదిలేసి ఫోన్ అందుకుంది. అంతవరకూ పథకం చక్కగా నడిచింది.

నూకరత్నం మాత్రం అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఓలమ్మో! శనివారం రావల్సిన పడవ ఇయాలెందుకొచ్చింది?"

పడవ ముందే రావడానికి రెండే కారణాలుంటాయి. చేపలతో నిండిపోవాలి, లేదా పడవలో ఎవరికైనా ఏదైనా అవ్వాలి. చేపలతో నిండిపోయి ముందే రావడం నూకరత్నానికి పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా జరగలేదు.

"అమ్మా, అదీ..." అంది చిట్టితల్లి.

"నీకు కడుపునొప్పన్నావు కదా, ఇంట్లో ఉండు!" అని నూకరత్నం అట్లకాడతోనే మెట్లు దిగిపోయింది. పక్కింట్లోంచి పెద్దబ్బాయి భార్య యర్రమ్మ, "వదినా, మా ఆయనా అందులోనే ఉన్నాడే!" అని ఏడుస్తూ వెనకాలే వెళ్ళింది. గవరమ్మ మంచం దిగి, కర్ర తీసుకుని, మూడో అట్టు చుట్టి కొంగున కట్టుకుని బయల్దేరింది.

చిట్టితల్లి గుమ్మంలో నిలబడింది. వెనకాలే పరిగెత్తి నిజం చెప్పేయాలని ఒక్క క్షణం అనిపించింది. అంతలో పద్మిని మలుపు దగ్గర జుట్టు సర్దుకుంటూ పరిగెత్తడం కనిపించింది. పరుగులో కూడా అందంగానే ఉంది. చిట్టితల్లి లోపలికి వచ్చి అద్దం ముందు నిలబడింది. పడవ లేదని చూసి అరగంటలో అందరూ తిరిగి వచ్చేస్తారు, ఇంతలో ఎవరికేమవుతుంది అనుకుంది. మొహం కడుక్కుని, మంచి చుడీదార్ వేసుకుని, డైరీ తీసి కుముదవల్లి పేజీ దగ్గర ఈక పెట్టింది.

తొమ్మిదైంది. తొమ్మిదీ పదైంది. లోకనాథం గారు రాలేదు.

ఆయన సరిగ్గా తొమ్మిదింటికే శ్రీను ఆటోలో సందు మొదట్లో దిగారు. చేతిలో ఒక ఫైలు, ఆదివారం సభలో కప్పడానికి కొన్న కొత్త శాలువా ఉన్న సంచీ. ఎదురుగా అట్లకాడతో ఒకావిడ, ఏడుస్తూ ఇంకొకావిడ పరిగెత్తుకొచ్చారు.

"ఏమైందమ్మా?" అన్నారాయన.

"అంకుల్, చలో చలో, బాబాయి పడవ!" అని పద్మిని ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. శ్రీను కూడా ఆటో అక్కడే వదిలేసి దిగాడు.

రేవులో పడవ లేదు. కుక్కలు రెండూ నీళ్ళకేసి చూస్తున్నాయి. పడవలవాళ్ళ సంఘానికి పెద్ద గణేశ్వరరావు తన పడవని ఒడ్డున బోర్లించి తారు పూయిస్తున్నాడు. ఆయన దాన్ని ఆనుకుని నిలబడి, "పాట నాను కూడా విన్నాను. పాటొచ్చింది, పడవ రాలేదు. అంటే మలుపు కాడ ఇంజనాగిపోయుంటాది" అన్నాడు.

"ఇంజనాగిపోతే కనపడాలి కదా భయ్యా?" అన్నాడు శ్రీను.

"కనపడలేదంటే..." అని గణేశ్వరరావు ఆగాడు. ఆయన ఆగడం చూసి యర్రమ్మ గట్టిగా ఏడ్చింది. ఆమె ఏడుపు విని ఐసు బళ్ళవాళ్ళు, చేపలు కొనేవాళ్ళు, టీ కొట్టువాళ్ళు చేరారు. నూకరత్నం అసిరయ్యకి ఫోన్ చేస్తే, ఆ నంబరు అందుబాటులో లేదని ఒకమ్మాయి మూడు భాషల్లో చెప్పింది. గుంపులో ఒకావిడ ఆ గొంతు చాలా బాగుందంది. అక్కడ పాటల గురించి మొదట మాట్లాడినది ఆవిడే.

ఐదు నిమిషాలు చూసి, ఫోన్లో ఛార్జింగు అయిపోతోందని పద్మిని ఇంటికి బయల్దేరింది. ఆమె కొండెక్కుతూ ఉండటం చిట్టితల్లి గుమ్మంలోంచి చూసింది. లోకనాథం గారు ఈ నిమిషమో మరు నిమిషమో వచ్చేస్తారు, సరిగ్గా అప్పుడే ఈమె కూడా. చిట్టితల్లి వెనక్కి పరిగెత్తి పాట మళ్ళీ వేసింది.

పద్మిని మెట్ల మీదే గిరుక్కున తిరిగి కిందికి పరిగెత్తింది. చిట్టితల్లి తృప్తిగా ఊపిరి పీల్చుకుంది.

కింద రేవులో మాత్రం ఎవరూ ఊపిరి పీల్చుకోలేదు.

"మళ్ళీ పాట! మనల్ని పిలుస్తన్నారు!" అని గణేశ్వరరావు కేకేశాడు. "సాయం కావాలంటన్నారు! ఒరే, ఇంకో పడవ దించండి! దూరం నించి కనపడేలా జెండా కట్టండి!"

జెండాకి ఎర్రగుడ్డ లేదు. శ్రీను లోకనాథం గారి సంచీలోకి చూశాడు.

"బాబూ, అది సన్మానానికి..."

"ఆదివారానికి సన్మానం చెయ్యడానికి మనుషులుండాలి కదా అంకుల్," అని శ్రీను శాలువా లాగి వెదురుబొంగుకి కట్టేశాడు. జరీ అంచు ఎండలో మెరిసింది. పడవ మీద నలుగురు కుర్రాళ్ళు ఆ శాలువా ఊపుతూ సముద్రం మీదికి వెళ్ళారు. లోకనాథం గారు కనుచూపు మేరా దాన్నే చూస్తూ నిలబడ్డారు.

పైన, పాట పూర్తికాకముందే చిట్టితల్లికి కింది గోల వినిపించింది. ఆపేద్దామని ఫోన్ మీద నొక్కింది. చెమట పట్టిన వేలు పక్క గుర్తు మీద పడి, తర్వాతి పాట మొదలైంది. ఆమె ఫోన్లో నలభై పడవల పాటలూ ఉన్నాయి. వాటికి మార్కులు కూడా వేసుకుంది. కుముదవల్లి పాటకి పదికి పది. దాని తర్వాత ఉన్నది పదికి రెండు మార్కులొచ్చిన డప్పుల పాట. అది గణేశ్వరరావు పడవ పాట.

రేవులో జనమంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. బోర్లించి, సగం తారు పూసి, ఎండలో ఆరుతున్న పడవకేసి చూశారు. దాని పాట గాల్లోంచి వస్తోంది. పడవకి ఆనుకుని ఉన్న గణేశ్వరరావు మెల్లగా ఒక అడుగు ఇవతలికి వేశాడు. తారు డబ్బా పట్టుకున్నవాడు రెండడుగులు వేశాడు.

"గణేశ్వరరావు మావా," అంది నూకరత్నం సన్నగా, "నీ పడవెక్కడుంది?"

"ఇక్కడే ఉందమ్మా," అన్నాడాయన. కానీ ఆ మాట అంత నమ్మకంగా అనలేదు.

అప్పుడు పద్మిని చెవి కొండకేసి పెట్టింది. "ఏ... ఠహరో. యే బాస్ తో మేరే స్పీకర్ కా హై! ఈ మోత నా స్పీకరుదే!"

తొంభై మందికి తక్కువ లేకుండా కొండెక్కారు. దారిలో సగం మెట్ల దగ్గర మోకాళ్ళు పట్టేసి కూర్చుండిపోయిన గవరమ్మని కూడా ఇద్దరు చేతుల మీద ఎత్తుకొచ్చారు. ఆమె అక్కడే కూర్చుని మూడో అట్టు పూర్తి చేసింది. పాట సముద్రం వైపు నుంచి కాక తన ఇంటి వైపు నుంచి వస్తోందని మొదట గమనించినది నిజానికి ఆమే. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఇంటి వెనక ట్యాంకు గోడ మీద ఎర్ర స్పీకరు, దాని పక్కన మంచి చుడీదార్‌లో, చేతిలో డైరీతో చిట్టితల్లి దొరికారు.

"ఏటే ఇది?" నూకరత్నం అట్లకాడ ఎత్తింది. "మీ నాన్న ఏటైపోనాడో అని పేణాలుగ్గబట్టుకుని చస్తంటే పాటలేస్తావా? ఎందుకేసేవే? సెప్పు!"

ఎందుకు వేసిందో చెప్పాలంటే పద్మిని జుట్టు, పన్నెండు నిమిషాల ఫోను, పరుగులో కూడా అందంగా ఉండటం, అన్నీ చెప్పాలి. పద్మిని ఎదురుగానే నిలబడి ఉంది. ఆ పక్కనే శాలువా పోయిన లోకనాథం గారున్నారు. చిట్టితల్లి మాట నోటి దాకా వచ్చి, బయట తొంభై మందిని చూసి, గుండె దాకా వెనక్కి వెళ్ళిపోయింది.

"పిల్ల మీద అరవకే," అని గవరమ్మ గొంతు వినిపించింది. "నానే ఎయ్యమన్నాను."

అందరూ అటు తిరిగారు. గవరమ్మని మోస్తున్నవాళ్ళు ఆమెని మెల్లగా బకెట్టు మీద కూర్చోబెట్టారు.

"నువ్వా అత్తా? ఎందుకూ?"

"ఇనాలనిపించింది. ఇనాలనిపిస్తే శనివారం దాకా ఆగాలేటి?"

"గవరమ్మప్పా, నలుగురు కుర్రాళ్ళు సముద్రం మీదికెల్లేరు!" అన్నాడు గణేశ్వరరావు కోపంగా. "ఒక పాట కోసం ఇంతా?"

"ఆ పాటంటే ఏటనుకున్నావురా?" గవరమ్మ కర్ర నేలకి ఆనించి, గొంతు సవరించుకుంది. "కుముదవల్లి రెండో చరణం ముందర ఊపిరి తీసుకుంటాది. సన్నగా ఇనిపిస్తాది. మిగతా పాటగత్తెలు ఆ సప్పుడు దాచేస్తారు. ఈవిడ దాచలేదు. నెత్తిమీది గంప దించి, మళ్ళీ ఎత్తుకునే ముందర మనిషి తీసుకునే ఊపిరి అది."

రేవు ఆడవాళ్ళు గంపలు కింద పెట్టారు.

చిట్టితల్లి నోరు తెరిచింది. రెండో డైరీ, నలభై ఒకటో పేజీ. ఒక్క మాట పొల్లుపోలేదు.

"పరాంకుశం పాడితే ఎవరో వచ్చి పక్కన కూకున్నట్టుంటాది," అని గవరమ్మ సాగించింది. "కుముదవల్లి పాడితే పక్కన కూకున్నోళ్ళు లేచెళ్ళిపోయినట్టుంటాది. సోమనాథ్ బాణీ కట్టేడంటే మజ్జిలో కాస్త ఖాళీ వదిలేస్తాడు. ఆ ఖాళీలో ఎవుళ్ళ మనిషి ఆళ్ళకి గురుతొస్తాడు."

యర్రమ్మ ఈసారి వేరే రకంగా ఏడ్చింది. గణేశ్వరరావు దగ్గి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పద్మిని వీడియో తీస్తోంది, ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. ఒక్క చిట్టితల్లి కళ్ళు మాత్రం పొడిగా మండిపోతున్నాయి. ఆ మాటలు తనవి. ఆ నిశ్శబ్దం తనది. గంపలు దించడం కూడా న్యాయంగా తనదే. కానీ ఆ సంగతి చెప్పాలంటే, నానమ్మ వేయమనలేదని, పాట తనంతట తానే వేసిందని ఒప్పుకోవాలి.

"అదీ..." అంది ఆమె.

"ష్," అన్నారు లోకనాథం గారు.

అంతలో నూకరత్నం ఫోన్ మోగింది. అసిరయ్య ఆ పూట మలుపు అవతలే వల వేశాడట; వెతకడానికి వెళ్ళిన పడవలోంచి, సిగ్నలున్న వాళ్ళ ఫోన్లో మాట్లాడాడు. అతని గొంతు చుట్టూ ఉన్న అందరికీ వినిపించింది. "ఎవుడే నాను పోయానని సెప్పినోడు? వల్లో పడబోయే సేపలన్నీ ఈళ్ళ ఇంజను సప్పుడికి సెదిరిపోనాయి! ఇంకోటేటంటే, ఈళ్ళు జరీ శాలువా ఒకటి తెచ్చి నాకు కప్పేరు. ఏటిది?"

నూకరత్నం ఫోన్ పెట్టేసి, అక్కడే కూలబడి నవ్వింది. అందరూ నవ్వారు. లోకనాథం గారు కళ్ళజోడు తుడుచుకుని, ఫైలు తెరిచి, గవరమ్మ ముందు వంగారు.

"అమ్మా, ఆదివారం మీరు మా సభకి రావాలి. ఇదే, ఇలాగే చెప్పాలి."

"నానా? నాకేటొచ్చు?" అంది గవరమ్మ, కొంగు సర్దుకుంటూ.

"నానీ, ఆప్ తో రాక్‌స్టార్ హో!" అని పద్మిని ఆమె మెడని కౌగిలించుకుంది.

లోకనాథం గారు ఫైల్లో ఒక పేరు కొట్టేసి, దాని పైన ఇంకో పేరు రాశారు. తర్వాత చిట్టితల్లి వైపు తిరిగి, ఆప్యాయంగా అన్నారు: "నీకేం అభ్యంతరం లేదు కదా తల్లీ? నిజానికి నీ పేరే రాసుకున్నాను. కిందికి పరిగెత్తేటప్పుడే పద్మిని చెప్పింది, 'అంకుల్, నాకు తెలుగు చదవడమే రాదు, ఇవన్నీ చిట్టి దగ్గర విన్నవే, తననే పిలవండి' అని. సరేనని ఆ పరుగులోనే రాసేశాను. ఇప్పుడు మీ నానమ్మగారిని విన్నాక, చూశావుగా. ఐదు నిమిషాలు ఒక్కరికే."

చిట్టితల్లి ఫైలు వైపు చూసింది. తన పేరు మీద గీత నీలంగా, తిన్నగా ఉంది. పద్మిని వైపు చూసింది. పద్మిని చెయ్యి ఊపింది. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి ఇప్పుడు ఒక్క కారణం కూడా మిగల్లేదు. అది అన్నిటికన్నా అన్యాయంగా అనిపించింది. తొంభై మందీ జవాబు కోసం చూస్తున్నారు.

"లేదండీ," అంది ఆమె. ఆ ఉదయమంతటిలో ఆమె నోట్లోంచి పూర్తిగా బయటికొచ్చిన మాట అదొక్కటే.

మధ్యాహ్నం అన్నాలయ్యాక గవరమ్మ లోపలి గదిలో మంచం మీద నిటారుగా కూర్చుని సాధన మొదలుపెట్టింది. ఎదురుగా పద్మిని, మైకు బదులు అట్లకాడ పట్టుకుని. చిట్టితల్లి గుమ్మంలో డైరీతో నిలబడి, తప్పులు దిద్దుతోంది.

"కుముదవల్లి మొదటి చరణం ముందర ఊపిరి..."

"రెండో చరణం నానమ్మా."

"పరాంకుశం పాడితే ఎల్లిపోయినట్టు..."

"కూచున్నట్టు. వెళ్ళిపోయినట్టు ఉండేది కుముదవల్లికి."

"మొగలిపూల పాట నాను మొదట ఇన్నది ఓడెక్కే ముందురోజు..."

"అది డైరీలో లేదు," అంది చిట్టితల్లి.

"డైరీలో ఎందుకుంటాది?" గవరమ్మ కళ్ళు చిట్లించింది. "కళింగపట్నం ఇవతల గుడారం సినిమాలో ఇన్నాను. అప్పటికి నాకు పెళ్ళై పది దినాలు. మర్నాడు ఈ దేశానికి ఓడెక్కించేరు. నాలుగు దినాలు ఆ పాట ఒక్కటే నోట్లో తిప్పుకున్నాను, మాటలు మరిసిపోతానేమో అని. మీ నాన్నకి జోల కూడా అదే పాడేను. నువ్వు స్పీకర్లో ఏ పాట ఎట్టాలా అని ఎతుకుతుంటే, ఆడు నీ సేతిలో ఎట్టిన పాటల్లో అది పైనెందుకుందనుకున్నావు?"

చిట్టితల్లి చేతిలోని డైరీకేసి చూసుకుంది. కుముదవల్లిని తాను కనిపెట్టానని మూడు డైరీల్లో రాసుకుంది. "మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వాపితే కదా! రోజూ సదూతూనే ఉంటావు. మజ్జిలో మాటాడితే నిద్దరోలేదని తెలిసి ఆపేస్తావేమోనని కళ్ళు మూసుకుని ఊరుకున్నాను."

పద్మిని పకపకా నవ్వింది. చిట్టితల్లి ఏదో అనబోయింది. ఐదేళ్ళ సాయంత్రాలు ఆ గదిలో ఆమె ఎంత మాట్లాడిందో లెక్కేసుకుంటే, ఆ దీవిలో తనంత వాగుడుకాయ ఇంకొకరు లేరని తేలేలా ఉంది. అయినా ఒక్కటి మాత్రం వదలబుద్ధి కాలేదు.

"సరే. కానీ ఊపిరి మాత్రం రెండో చరణం ముందే నానమ్మా."

గవరమ్మ మంచం దిగింది. కర్ర లేకుండానే గుమ్మం దాకా వచ్చి, మనవరాలి భుజం మీద చెయ్యి వేసి, ప్రేమగా ఒక్క అడుగు వెనక్కి జరిపింది.

"ఒసే, కాసేపు అవతలికెల్లు తల్లీ. నువ్వెదురుగుంటే నాకు సిగ్గేస్తంది."

తలుపు మూసుకుంది. ఆ గదికి లోపల గడియ ఉందని ఐదేళ్ళలో చిట్టితల్లికి తెలిసింది అప్పుడే.